మాబేలే నోరు మూసుకున్న రోజు

మా సోలోబెనీ టాక్సీ స్టాండులో పొద్దున్నే జనానికి మత్తు వదిలించేది టీ కాదు, మాబేలే గొంతు. బీరు సీసాల పెట్టె బోర్లించుకుని దాని మీద కూర్చుంటుంది. ఎదురుగా సలసలా కాగే నూనె మూకుడు. పులిసిన పిండిని గుప్పెటతో తెంచి అందులో వదిలితే గ్విన్యాలు బంతుల్లా ఉబ్బి పైకి తేలతాయి. వాటిని తిరగేస్తూ ఆవిడ అరిచే అరుపులకి, కొండ మలుపు అవతల వస్తున్న వ్యాను డ్రైవరు కూడా హారన్ కొట్టి బదులిస్తాడు.

"బడి పిల్లలకి ముందు, డ్రైవర్లకి తర్వాత! ఏరా, ఆ పొట్టేంటి? స్టీరింగు కనబడుతోందా, తడుముకుంటున్నావా?"

అసలు పేరు నోఫెజిలే. ఆ పేరు పెట్టి పిలిచేది క్లినిక్కులో నర్సు ఒక్కతే. మిగతా లోకానికి ఆవిడ మాబేలే, అంటే బేలే వంశపు ఆడపడుచు. ఎంపింగా వంశంలోకి కోడలిగా వచ్చి, మొగుణ్ణి గనులకు పంపి, దగ్గు పట్టి తిరిగొచ్చిన ఆయన్ని సాగనంపి, జుట్టు నెరిసిపోయినా సరే, పుట్టింటి వంశం పేరు మాత్రం ఆవిడని వదల్లేదు. మా దగ్గర ఆడదాని పేరు మొగుడితో మారదు. మారనిచ్చినవి చాలానే ఉన్నాయి, ఇదొక్కటి మారనివ్వలేదు.

గ్విన్యాలతో ఆవిడకి పొట్ట గడుస్తుంది. పేరొచ్చింది మాత్రం కూతతో.

సంతోషం పట్టలేనప్పుడు మా ఆడవాళ్ళు నాలుకని అటూ ఇటూ ఆడిస్తూ సన్నగా, పొడుగ్గా కూత పెడతారు. అందరూ పెట్టేదే. కానీ మాబేలే పెట్టిందంటే ఆ కూత కొండెక్కి, అవతల దిగి, ఏటిలో నీళ్ళు తాగి వెనక్కి వస్తుంది. దీక్ష ముగించుకుని కొండ మీంచి మగవాళ్ళై దిగొచ్చే కుర్రాళ్ళకి ఆవిడ కూత ఉండాలి. కొత్త కోడలు వాకిట్లో అడుగుపెడితే ఉండాలి. ఈమధ్య వీటన్నిటికన్నా ఎక్కువ గిరాకీ డిగ్రీలకి. పిల్లో పిల్లాడో పట్టా పుచ్చుకుంటున్నారంటే ఆ ఇంటివాళ్ళు వ్యాను మాట్లాడుకుని, ముందు సీటు మాబేలేకి అట్టేపెట్టేవారు. ఆవిడ హాల్లో లేచి కూత పెట్టి, వరసల మధ్య ఆడుకుంటూ వేదిక దాకా వెళ్ళి, పిల్లని మెట్ల దగ్గర అందుకునేది. పిలవని వాళ్ళకీ పెట్టేది. మొహమాటం ఆవిడకి పుట్టుకతోనే లేదు.

అలాంటి మనిషి కూతురు లిండెల్వా టీచరు డిగ్రీ పూర్తి చేసింది. సరిగ్గా ఆ ఏడాదే యూనివర్సిటీకి మర్యాద గుర్తొచ్చింది.

పట్టాల పండగలో ఇకమీదట కూతలు వద్దు, ఆటలు వద్దు, వేదిక మీద గెంతులు అసలే వద్దు, చప్పట్లు చివర్లో అందరికీ కలిపి ఒకేసారి. ఎవరి తరఫువాళ్ళు గోల చేస్తే వాళ్ళ పిల్ల సర్టిఫికెట్టు తిరిగి పెట్టెలోకి వెళ్తుంది, మూడు నెలల తర్వాత అర్జీ పెట్టుకుని తీసుకోవాలి. ఇదీ ప్రతిపాదన. ఇంకా తీర్మానం కాలేదు, మీ అభిప్రాయాలు చెప్పండి అని తల్లిదండ్రులని పిలిచారు. మా వైపు అభిప్రాయాలు అడగడమంటే నిర్ణయం అయిపోయిందని అర్థం. అయినా వ్యాను నిండా వెళ్ళాం.

రిజిస్ట్రారు డాక్టర్ మాకలిమా సన్నటి మనిషి. టై ముడి గొంతుకి ఎంత బిగిస్తే మాట అంత నిక్కచ్చిగా వస్తుందనుకునే రకం. కానీ ఆయన చెప్పింది తీసిపారేసేది కాదు.

"పోయినేడు ఒక అవ్వ ఆడుతూ ఆడుతూ మెట్ల మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. చివరి వరసల పిల్లలకి పట్టాలిచ్చేసరికి కరెంటు పోయింది, సగం హాలు ఖాళీ. అదీ సరే. నేనొక అమ్మాయి పేరు చదివాను. నా గొంతు నాకే వినబడలేదు. ముందు పిల్లాడి కోసం ఒకావిడ మొదలుపెట్టిన కూత ఇంకా సాగుతూనే ఉంది. ఆ అమ్మాయి తండ్రి గొర్రెల కాపరి. రెండు బస్సులు మారి వచ్చాడు. కూతురి పేరు చెవిన పడకుండానే వెళ్ళిపోయాడు. ఆయనకి నేనేం సమాధానం చెప్పను?"

మాబేలే పక్కన కూర్చున్నది మాజోలా, చర్చి మహిళా సంఘంలో పెద్ద. గురువారం ప్రార్థనకి వేసుకునే ఎర్ర జాకెట్టు, తెల్ల కాలరుతోనే వచ్చింది. మోచేత్తో పొడిచింది.

"ఆ ఒకావిడ ఎవరో తెలుసా?"

"తెలుసులే, పొడవకు," అంది మాబేలే. కాసేపు తల దించుకుంది. కాసేపే. తర్వాత లేచి నిలబడింది.

"అయ్యా, ఆ తండ్రికి నేను క్షమాపణ చెప్పుకోవాలి, చెప్పుకుంటాను. కానీ ఒకటి అడుగుతాను. మీ పండగలో అందరికన్నా ముందు ఒకాయన బంగారు కర్ర భుజాన పెట్టుకుని, కొత్త పెళ్ళికొడుకులా అడుగులో అడుగేసుకుంటూ వస్తాడు. అదేంటి?"

"అది గౌరవ దండం. ఎనిమిది వందల ఏళ్ళ సంప్రదాయం."

"ఎవరిది?"

"యూరపుది."

"మరి ఆయనదీ ఆటే కదా తమ్ముడూ! పాపం వెనకాల పాట లేదు, అంతే."

హాలంతా గొల్లున నవ్వింది. ఘానా నుంచి వచ్చి లెక్కలు చెప్పే బోటెంగ్ మాస్టారు వెనక నుంచి అందుకున్నాడు. "మా దగ్గరైతే మనిషి ఎదిగినప్పుడు డప్పు మోగాలి. మోగకపోతే ఇరుగుపొరుగు వచ్చి, ఎవరు పోయారని అడుగుతారు!"

ఇక గెలిచాం అనుకుంటుండగా మాజోలా లేచింది, ఎదురు మాట్లాడ్డానికి.

"నేను రిజిస్ట్రారు గారి వైపు. మన అవ్వలు స్టేజీల మీద ఆడారా? పోయిన పెద్దల్ని తలుచుకునే పశువుల దొడ్డి దగ్గర ఆడారు, వాకిట్లో ఆడారు. బిడ్డ ఇల్లు చేరాక ఆడారు. ఇప్పుడు ఈ పిల్లలు స్టేజీ మీద నడుం తిప్పేది ఫోను కోసం. ఫోను కోసం చేసేదానికి ఆఫ్రికా పేరు పెట్టకండి. ఆఫ్రికాకి సిగ్గేస్తుంది."

"పశువుల దొడ్డి హాల్లోకి నడిచి రాదు కదే మాజోలా! మనమే తీసుకెళ్ళాలి," అంది మాబేలే.

"దొడ్డి రానక్కర్లేదు. నీతోపాటు పశువులొచ్చినట్టే ఉంటుంది ఎలాగూ."

ఇద్దరూ చెరో నిజం పట్టుకుని లాగుతున్నారు. నేను మాత్రం మాబేలే పక్షం, దాచుకోను. మా వాళ్ళలో మనిషి ఒక గట్టు దాటి వచ్చినప్పుడు, దాటానని తను చెప్పుకుంటే చాలదు. దీక్ష దిగిన కుర్రాడైనా, కొత్త కోడలైనా, నువ్వొచ్చావు, మేం చూశాం అని నలుగురు నోటితో, కాళ్ళతో చెప్పాలి. వంశం పేరు పెట్టి పిలవాలి. అప్పుడే వచ్చినట్టు. ఆటంటే పిల్ల సంబరం కాదు, పిల్లకి ఊరిచ్చే రసీదు. పైగా ఆ హాళ్ళలోకి మా అమ్మల్ని ఒకప్పుడు నేల తుడవడానికి తప్ప రానివ్వలేదు. అప్పుడు నోరు మూసుకునే తుడిచారు. ఇప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి మళ్ళీ నోరు మూసుకోమంటే, కుర్చీ తప్ప మారిందేమిటి?

మాబేలే ఇంకా నిలబడే ఉంది. రిజిస్ట్రారుని ఎగాదిగా చూసింది.

"తమ్ముడూ, మాకలిమా అంటే మీరు ఏ వంశం?"

"అది ఇక్కడ అప్రస్తుతం అమ్మా."

"చెప్తే అరిగిపోతావా?"

ఆయన టై సర్దుకున్నాడు. వంశం అడిగితే చెప్పకపోవడం మా దగ్గర దొంగలు కూడా చెయ్యరు. "బేలే," అన్నాడు.

"ఓహో!" అంది హాలంతా.

"మరి ఇంతసేపూ అమ్మా, అయ్యా అంటూ పరాయివాళ్ళలా ఏమిటిది!" అంది మాబేలే. "నువ్వు బేలే, నేను బేలే. నా తోడబుట్టినవాడివి. నా కూతురు లిండెల్వా ఈసారి నీ చేతిమీదుగానే పట్టా పుచ్చుకుంటోంది. దానికి మేనమామవి నువ్వు."

"ఇది అధికారిక సమావేశం, అమ్మా..."

"అక్కా అను."

ఆయన మైకు వంక, పైకప్పు వంక, చివరికి నేల వంక చూశాడు. "అక్కా," అన్నాడు, పన్ను పీకించుకుంటున్నవాడిలా.

అక్క అయినంత మాత్రాన తీర్మానం ఆగలేదు. వారం తిరక్కుండా నిబంధన అమల్లోకి వచ్చింది.

లిండెల్వాకి ఏటి అవతలి బడిలో ఉద్యోగం వచ్చింది. పట్టాల పండగ శుక్రవారం. సోమవారం పొద్దున హెడ్మాస్టరు బల్ల మీద సర్టిఫికెట్టు పెట్టాలి. పెట్టకపోతే ఆ ఉద్యోగానికి వెనకాల వరస కట్టిన వాళ్ళు చాలామంది ఉన్నారు.

"అమ్మా, ఒక్క రోజు. నోరు మూసుకో," అంది లిండెల్వా.

"మూసుకుంటానే."

"నీ కూత బయటికొచ్చిందా, నా సర్టిఫికెట్టు పెట్టెలోకి, నేను నీ పక్కన మూకుడు దగ్గరికి."

"నా పక్కన చోటు లేదు. నేను లావు."

"నవ్వకు. ఒట్టెయ్యి."

"మీ నాన్న మీద ఒట్టు. ఇక చాలా?"

వేసిన ఒట్టు నిలబెట్టుకోవాలని మాబేలే మౌనం సాధన మొదలుపెట్టింది. స్టాండులో అంతకన్నా వినోదం లేదు. డ్రైవర్లు వంతులేసుకుని వచ్చేవారు. "మాబేలే, మా బావకి కొడుకు పుట్టాడు!" ఆవిడ గొంతులో ఏదో కదిలి, మెడ నరాలు ఉబ్బి, కళ్ళు ఎర్రబడి, చివరికి ఎక్కిళ్ళు వచ్చేవి. "మీ బావకి పెళ్ళే కాలేదు కదరా వెధవా!" అని గరిటె పట్టుకుని తరిమేది. గ్విన్యాలు మాడిపోయేవి. మాడిన గ్విన్యాలు తిన్నది కూడా వాళ్ళే, కాబట్టి లెక్క సరిపోయింది.

శుక్రవారం వచ్చింది. మాబేలే నల్ల పట్టీలు కుట్టిన తెల్ల పావడా కట్టి, మెడకి పూసల హారం, తలకి గోపురమంత గుడ్డ చుట్టి, చేత గొడుగుతో వ్యాను ఎక్కింది. మాజోలా ఎర్ర జాకెట్టులో పక్కనే కూర్చుని, సంచిలోంచి ఒక టాఫీ తీసింది. పొయ్యి మీద చక్కెర ముదరబెట్టి స్టాండులో అమ్ముతారే, కొరికితే దవడ సెలవు పెడుతుందే, ఆ రకం.

"నోట్లో పెట్టుకో. పిల్ల స్టేజీ దిగేదాకా తియ్యకు. నిన్ను నమ్మను, దీన్ని నమ్ముతాను."

"నా పళ్ళు కట్టుడువి కదే."

"మరీ మంచిది."

హాలు ఆసుపత్రిలా ఉంది. బంగారు కర్ర ఆయన వచ్చాడు. గౌన్లు వచ్చాయి. రిజిస్ట్రారు పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరూ వెళ్ళి మోకరిల్లడం, యూనివర్సిటీ పెద్దాయన టోపీతో తల మీద తట్టడం, కాగితం అందుకోవడం, దిగడం. పేరుకీ పేరుకీ మధ్య నిశ్శబ్దం. తల్లులు చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేరం చేసి పట్టుబడ్డవాళ్ళలా కూర్చున్నారు. ఒక పిల్లాడు వేదిక దిగుతూ వెనక్కి రెండుసార్లు చూశాడు, తనకిచ్చింది అసలైనదో కాదో అన్నట్టు. క్రమశిక్షణ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. అంత క్రమశిక్షణ నేను శవం లేచే ఇళ్ళలో కూడా చూడలేదు. అక్కడ కనీసం పాడతారు.

"లిండెల్వా!" ఇంటిపేరుతో సహా చదివాడు రిజిస్ట్రారు.

మాజోలా మాబేలే మణికట్టు పట్టుకుంది. మాబేలే టాఫీని గట్టిగా కొరికి పట్టింది. లిండెల్వా మోకరిల్లింది, లేచింది, కాగితం అందుకుంది, మెట్ల దాకా నడిచింది.

అక్కడ ఆగిపోయింది.

పొయ్యి మీద పాలు పెట్టి వచ్చామా లేదా అని గుమ్మంలో ఆగిపోతామే, అలా. కాగితం చూసుకుంది. హాలు వైపు తిరిగింది. చిన్నప్పట్నుంచీ ఎవరెవరి పిల్లలకో తన తల్లి పెట్టిన కూతలు విని పెరిగిన పిల్ల. ఒట్టు వేయించుకున్నదీ తనే. అయినా కాళ్ళు కదల్లేదు.

రిజిస్ట్రారు మైకు పక్కకి జరిపి, "దిగమ్మా," అన్నాడు. జరిపాననుకున్నాడు. హాలంతా వినబడింది.

"ఇంకా అయిపోలేదు మామయ్యా."

"ఏం అయిపోలేదు?"

"మా అమ్మ ఇంకా పిలవలేదు."

వరసల్లో గుసగుస పాకింది. మాజోలా మాబేలే మణికట్టు వదిలేసింది. "లే! ఇంకేం చూస్తున్నావ్? అదే అడుగుతోంది కదా!"

మాబేలే లేచింది. ఊపిరి గుండెల నిండా తీసుకుంది. నోరు తెరిచింది.

తెరవబోయింది, అంతే. నోరు తెరుచుకోలేదు. టాఫీ కరిగి పై పళ్ళ సెట్టునీ కింది పళ్ళ సెట్టునీ కలిపి, మేస్త్రీ సిమెంటు వేసినట్టు బిగించేసింది.

"మ్మ్మ్మ్!" అంది మాబేలే.

"ఉమ్మెయ్!" అంది మాజోలా.

"మ్మ్మ్మ్మ్!"

"పళ్ళతో సహా ఉమ్మెయ్యవే!"

రెండు చేతులా దవడ లాగింది. బుగ్గలు గ్విన్యాల్లా ఉబ్బాయి. ఊళ్ళో ఎవరికి ఏ మంచి జరిగినా లేచిన గొంతు, సొంత కూతురికి లేవలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వబోయినవాళ్ళు కూడా ఆగిపోయారు. లిండెల్వా వేదిక మీద కాగితం గుండెకి అదుముకుని నిలబడే ఉంది.

అప్పుడు మాబేలే గొడుగెత్తింది. నిటారుగా, గురి పెట్టినట్టు, రిజిస్ట్రారు వైపు చాపింది. నువ్వు. మేనమామవి. పిలు.

హాల్లో ప్రతి తలకాయా ఆ గొడుగు మొన వెంబడి తిరిగింది. తల్లికి నోరు పెగలనప్పుడు ఆ బాధ్యత ఎవరిదో మా దగ్గర పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. వేదిక మీద కూర్చున్న పెద్దలకీ తెలుసు. అందుకే అందరూ ఒక్కసారిగా తమ గౌన్ల మడతలు పరిశీలించడంలో మునిగిపోయారు.

డాక్టర్ మాకలిమా చేతిలో కాగితం చూశాడు. అందులో ఏమీ లేదు. టై ముడి పట్టుకుని కొంచెం వదులు చేశాడు. మైకు దగ్గరికి వంగాడు. ఇందాకటి నుంచి డిగ్రీలు చదివిన గొంతుతోనే, అదే ఎండు గొంతుతో, అన్నాడు:

"ఎంపింగా."

అది లిండెల్వా తండ్రి వంశం. గనుల్లో ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాయన వంశం. ఆ హాల్లో మైకులో మోగింది.

గొంతు సర్దుకుని, ఇంకొంచెం గట్టిగా, ఆ వంశాన్ని పొగిడి పిలిచే పేరు కూడా అందుకున్నాడు: "మవావా!"

మొట్టమొదటి కూత ఎవరిదో చెప్తే నమ్మరు. మాజోలాది! ఫోన్ల ఆటని తిట్టిన మాజోలా, తెల్ల కాలరు చెదిరిపోయేలా, కుర్చీ ఎక్కి మరీ పెట్టింది. దాని వెనక హాలంతా. మాబేలేకి గొంతు లేదు, కానీ కాళ్ళున్నాయి. పావడా పట్టీలు ఊగుతుంటే, భుజాలు విదిలిస్తూ, నేల మీద పాదం దిమ్మిస కొట్టినట్టు కొడుతూ వరసల మధ్య కదిలింది. "మ్మ్! మ్మ్! మ్మ్!" అని తాళం తనే వేసుకుంది. వేదిక మీద లిండెల్వా గౌను అంచు ఎత్తి పట్టుకుని అవే అడుగులు వేసింది. నడుం తిప్పలేదు. అచ్చం తల్లి అడుగులు, కాస్త సన్నగా.

మెట్ల దగ్గర తల్లీ కూతుళ్ళు కలుసుకున్నారు. కలుసుకున్నారో లేదో మాబేలే వెనక్కి తిరిగి, గొడుగు నిలువుగా పైకెత్తింది. టాక్సీ స్టాండులో వ్యాన్లని ఆపేది అలాగే. హాలు ఠక్కున ఆగింది. ఎందుకో రిజిస్ట్రారుకి అర్థమైంది, మాజోలాకి అర్థమైంది. పోయినేడు పేరు ఎవరికీ వినబడని ఆ గొర్రెల కాపరి కూతురు.

ఆ నిశ్శబ్దంలో తర్వాతి పిల్లాడి పేరు చదివాడాయన. చివరి వరసలో నిలబడ్డ వాళ్ళకి కూడా ఒక్కొక్క అక్షరం వినబడింది. పిల్లాడు కాగితం అందుకున్నాక గొడుగు దిగింది. మళ్ళీ హోరు. మళ్ళీ గొడుగు లేచింది, మళ్ళీ నిశ్శబ్దం, మళ్ళీ పేరు. అలా చివరి పేరు దాకా. కరెంటు పోయే వేళకి ఇంకా సమయం ఉండగానే అయిపోయింది.

గౌన్లు విప్పుతుండగా పెద్దాయన రిజిస్ట్రారుని అడిగాడట: "నిబంధన ప్రకారం ఎవరి సర్టిఫికెట్టు ఆపాలి?"

"మొదట పిలిచింది నేనండి," అన్నాడట ఈయన. "నాది ఇంట్లో గోడకి ఉంది. రేపు తెచ్చిస్తాను."

నిబంధన ఇప్పటికీ పుస్తకంలో అలాగే ఉంది. దాన్ని తీసెయ్యడానికి పెద్దవాళ్ళకి గర్వం అడ్డం. అమలు చెయ్యడానికి మేనమామ అడ్డం. పండగకి ముందు డాక్టర్ మాకలిమా ఎవరెవరిది ఏ వంశమో కనుక్కుని, గదిలో తలుపు వేసుకుని పిలుపులు వల్లె వేస్తున్నాడని అటెండర్లు చెప్తున్నారు. సోమవారం హెడ్మాస్టరు బల్ల మీద లిండెల్వా పెట్టిన సర్టిఫికెట్టుకి ఒక మూల టాఫీ జిగురు అంటుకుని ఉంది. ముద్దు పెట్టుకున్నది ఎవరో వేరే చెప్పాలా?

ఆ శుక్రవారం వ్యాను మాత్రం ఇంటికి పోలేదు, నేరుగా క్లినిక్కుకి పోయింది. నర్సు వేణ్ణీళ్ళు, పట్టకారు, ఉప్పు, చివరికి వంటనూనె, అన్నీ వాడింది.

"నోఫెజిలే, ఊపిరి గట్టిగా పీల్చకు. మెల్లిగా. నోఫెజిలే, కదలకు. ఆఁ, వస్తోంది... వస్తోంది..."

పళ్ళ సెట్లు రెండూ ఊడి పళ్ళెంలో పడ్డాయి. పొద్దుట్నుంచీ లోపల ఆగి ఉన్నది వాటి వెనకాలే బయటికొచ్చింది. నర్సు చేతిలో పళ్ళెం ఎగిరిపోయింది. పక్క గదిలో జ్వరాలతో పడుకున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. కొండ మలుపు అవతల ఎవరో డ్రైవరు, ఏం జరిగిందో తెలియకపోయినా, హారన్ కొట్టాడు.